పదునాలుగు సూదులు

పటాన్‌చెరువు మండలములోని కర్దనూరు గ్రామమునకు పోయి, ఏబది ఏండ్లు దాటినవారిని ఎవరినైనను అడిగి చూడుడు: పూర్వము కుక్క కరచినచో ఏమి చేసెడివారు? ప్రత్యుత్తరము తడుముకొనకుండ వచ్చును. “బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు.” కర్దనూరు అననేల? తెలుగునాట ఏ ఊరనైనను ఇదే మాట. ఆ పదునాలుగు అను సంఖ్య మన పెద్దల జ్ఞాపకములో చెరగని ముద్ర వేసికొన్నది. వీధికుక్కతో ఆడుకొను బిడ్డను మందలింపవలెనన్న తల్లులకు ఆ ఒక్క సంఖ్య చాలియుండెను.

దినమున కొకటి చొప్పున, కడుపు చర్మము క్రింద, రెండు వారములు ఆ సూదులు పొడిచెడివారు. రెండు మూడు దినములకే కడుపు గట్టిపడి వాచెడిది. ఇంత వఱకు అందఱు ఎఱుగుదురు. ఆ సీసాలోని మందు దేనితో చేసినదో ఎఱిగినవారు మాత్రము తక్కువ. అది గొఱ్ఱె మెదడు. రేబిస్ సూక్ష్మక్రిమిని గొఱ్ఱె మెదడులో పెంచి, ఆ మెదడును నూఱి, కార్బాలిక్ ఆమ్లముతో క్రిమిని చంపి, ఆ ద్రవమును మనుష్యుని దేహములోనికి ఎక్కించెడివారు.

ఆ మందు లక్షలాది ప్రాణములను కాపాడినది. కొందఱికి మాత్రము ఎనిమిదవ సూదికో పదవ సూదికో కాళ్లు చచ్చుబడినవి, మూత్రము నిలిచిపోయినది, మాట తడబడినది, కొందఱు స్పృహ తప్పిరి. వారిలో కొందఱు మరణించిరి కూడ. “సూదులు పడలేదు” అని ఊరివారు చెప్పుకొనిరి. జరిగినదేమనగా, దేహమును కాపాడవలసిన రోగనిరోధక శక్తియే ఆ దేహములోని మెదడుపై తిరుగబడినది. నేడు పసిపిల్లలలో అరుదుగా కనవచ్చు ఒక మెదడువాపు వ్యాధిని వైద్యులు గుర్తింపగలుగుటకును, నయము చేయగలుగుటకును ఈ గొఱ్ఱె మెదడు కథతో దగ్గఱి సంబంధమున్నది. ఆ సంబంధమును గూర్చియే ఈ ప్రసంగము.

ముందుగా వ్యాధి స్వరూపము చెప్పుకొందము. అయిదు మొదలు ఎనిమిదేండ్ల ప్రాయములోని బిడ్డ. జలుబో జ్వరమో వచ్చి తగ్గినది. బిడ్డ మరల ఆటపాటలలో పడినది. వారము, పది దినములు గడచిన పిమ్మట హఠాత్తుగా మగతగా ఉండును, నడక తూలును, పలుకరించినచో విసుగుకొనును, ఒక చేయి ఎత్తలేకపోవును, ఒక్కొకప్పుడు చూపు మందగించును, మూర్ఛ వచ్చును. వైద్యులు దీనికి పెట్టిన పేరు అక్యూట్ డిసెమినేటెడ్ ఎన్‌సెఫలోమైలైటిస్. పేరు పెద్దది, పొడి అక్షరములలో ఏ.డి.ఇ.ఎమ్. అందురు. ఏటా లక్ష మంది పిల్లలలో ఒకరికి కూడ రాదు. అయినను, వచ్చిన ఇంటివారికి లక్షలో ఒకటి అను లెక్కతో పనియేమి?

మన ఇంటి రేడియోకు పోవు విద్యుత్తు తీగను చూడుడు. లోపల రాగి, పైన రబ్బరు తొడుగు. మెదడులోని నరపు పోగులకు కూడ అట్టి తొడుగొకటి కలదు. కొవ్వు, మాంసకృత్తులు కలిసి ఏర్పడిన ఆ తొడుగును మైలిన్ అందురు. తొడుగు చెడినచో తీగ ఉన్నను వార్త చేరదు. ఈ వ్యాధిలో క్రిములు వచ్చి మెదడును కొఱుకుట లేదు. దేహములోని రక్షక కణములే మైలిన్‌ను శత్రువుగా భ్రమించి, మెదడులో అక్కడక్కడ దానిని ఒలిచివేయుచున్నవి.

జ్వరము తగ్గిన పిమ్మట మెదడు చెడుట క్రొత్తగా కనుగొన్న విషయము కాదు. 1790 లోనే జేమ్స్ లూకస్ అను ఆంగ్ల వైద్యుడు, తట్టమ్మ, అనగా మీజిల్స్, పోసి తగ్గిన ఒక యువతికి కాళ్లు చచ్చుబడిన వైనమును లండను వైద్యపత్రికలో ప్రకటించెను. తరువాతి నూఱేండ్లలో మశూచి, ఆటలమ్మ పోసిన పిల్లలలో కూడ ఇదే రీతి కనబడెను. కారణము ఎవరికిని తెలియదు. అమ్మవారి క్రిమియే మెదడులోనికి దిగినదని అత్యధికులు తలచిరి. అట్లు తలచుట సహజమే. కాని చనిపోయిన వారి మెదడులలో ఎంత వెదకినను క్రిమి దొరకలేదు.

1920 దశకమున హాలండు దేశములో ఈ చిక్కు మఱింత ముదిరినది. అచ్చట బడిలో చేరు పిల్లలకు మశూచి టీకా వేయుచుండగా, కొందఱికి పది పండ్రెండు దినములకు మెదడువాపు వచ్చినది. ప్రజలలో ఆందోళన పెచ్చరిల్లి, 1928 లో డచ్చి ప్రభుత్వము నిర్బంధ టీకాను నిలిపివేసినది. ఇంగ్లండులోను అట్టి సంఘటనలు నమోదైనవి. చంటిబిడ్డకంటె బడి ఈడు బిడ్డకే ప్రమాదము ఎక్కువయని తేలుట ఆనాటి పరిశీలనలకు దక్కిన గొప్ప ఫలము. వయస్సు కూడ ఒక కారణమన్న మాట.

ఇక మన కథకు వత్తము. 1885 జులై 6 వ తేదీన పారిసు నగరములో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మీస్టర్‌కు తన మందును మొదటిసారి ఎక్కించెను. రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఎండబెట్టి చేసిన మందది. బాలుడు బ్రదికెను, జగమంతయు జేజేలు పలికెను. కాని ఆ తరువాతి కొలది సంవత్సరములలోనే, మందు పుచ్చుకొన్నవారిలో అరుదుగా కొందఱికి పక్షవాతము వచ్చుచున్నదని గుసగుసలు బయలుదేరినవి. కాన్‌స్టాంటినోపుల్‌లోని రేబిస్ సంస్థకు అధిపతియైన రెమ్లింజెర్ అట్టి వృత్తాంతములను దేశదేశముల నుండి సేకరించి 1905 లో ప్రకటించెను. పాశ్చర్ పేరుకు మచ్చ వచ్చునని కొన్ని సంస్థలు తమయొద్ద జరిగిన వానిని బయట పెట్టుటకు సంకోచించినట్లు ఆనాటి చర్చలను బట్టి తెలియును. పేరు నిలుపుకొనుటకు నిజమును దాచుట ఏ కాలమునందైనను జరుగునదే.

భారతదేశమున మొదటి పాశ్చర్ సంస్థ 1900 లో కసౌలీ కొండలపై వెలసినది. దాని అధిపతి డేవిడ్ సెంపుల్ అను సైనిక వైద్యుడు. దక్షిణాదిలో అట్టి సంస్థ లేదు. తెలుగు జిల్లాలలో కుక్క కరచినవాడు కసౌలీ చేరవలెనన్న రైలులో దినములు గడచును. రోగమునకు అంత ఓర్పు లేదు. హెన్రీ ఫిప్స్ అను అమెరికను దాత ఇచ్చిన ధనముతో నీలగిరులలోని కూనూరు యందు 1907 లో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ ప్రారంభమైనది. ఆనాడు మదరాసు రాజధానిలో ఉండిన కోస్తా, రాయలసీమ ప్రాంతముల వారికి కూనూరే దిక్కు.

1911 లో సెంపుల్ తన క్రొత్త పద్ధతిని ప్రకటించెను. మెదడులోని క్రిమిని కార్బాలిక్ ఆమ్లముతో సంపూర్ణముగా చంపివేసి, ఆ చచ్చిన మందునే వాడుట. దీనిలోని గొప్పతనమును మనము గ్రహింపవలెను. పాశ్చర్ మందు సంస్థలోనే తయారై సంస్థలోనే వాడవలసినది. సెంపుల్ మందును సీసాలలో నింపి దూరపు ఆసుపత్రులకు పంపవచ్చును. రోగి కొండ ఎక్కనక్కఱలేదు. మందే కొండ దిగి వచ్చును. బీదదేశమునకు ఇంతకంటె వరమేమి? క్రమముగా ఈ మందు దేశమంతటను తయారైనది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడ దీనిని తయారు చేసిన ప్రభుత్వ సంస్థలలో ఒకటి. పటాన్‌చెరువు ప్రాంతమునుండి కుక్కకాటు రోగులు పట్టణము చేరి సూదులు వేయించుకొనుచుండిరి.

వరముతోపాటు శాపమును వచ్చినది. సెంపుల్ మందులో క్రిమి చచ్చినది, నిజమే. మెదడు మెదడుగనే ఉన్నది. పక్షవాతము ఎంత మందికి వచ్చెడిదన్న దానిపై లెక్కలు ఏకీభవింపవు: కొన్నిచోట్ల కొన్ని వందల మందికి ఒకరు, కొన్నిచోట్ల అనేక వేల మందికి ఒకరు. విచిత్రమేమనగా, ఇది పసిపిల్లలలో తక్కువ, పెద్దవారిలో ఎక్కువ. తట్టమ్మ తరువాత వచ్చు మెదడువాపు పిల్లలను పట్టుకొనగా, సూది తరువాతది పెద్దలను పట్టుకొన్నది.

ఆనాటి ఆసుపత్రి వైద్యుని సంకటమును ఒక్క నిమిషము తలపోయుడు. కుక్క కరచి పండ్రెండు దినములైనది. పది సూదులు పడినవి. రోగికి కాళ్లు లేవకున్నవి. ఇది రేబిస్ రోగమా? అది కూడ కొందఱిలో ఉద్రేకము లేక, నీటి భయము లేక, పక్షవాతముగనే మొదలగును. లేక ఇది మందు చేసిన పనియా? మొదటిదైనచో చావు తప్పదు. రెండవదైనచో సూదులు వెంటనే ఆపవలెను. ఆపినచో రోగి కోలుకొనవచ్చును. పొరపాటున ఆపినచో, కుక్క నిజముగా పిచ్చిదైనచో, రోగిని చేతులార చావునకు అప్పగించినట్లగును. మెదడును చిత్రించు యంత్రములు లేని కాలమది. పడక ప్రక్కన నిలిచి ఒక్కడే నిర్ణయింపవలెను. మన వైద్యచరిత్రలో ఇట్టి రాత్రులను గూర్చి వ్రాసినవారు తక్కువ.

1927 లో పారిసులో జరిగిన అంతర్జాతీయ రేబిస్ మహాసభలో ఈ పక్షవాతము చర్చకు వచ్చినది. దానికి హేతువేమో తేల్చు ప్రయోగము న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జరిగినది. థామస్ రివర్స్ అను శాస్త్రజ్ఞుడు 1933 లో, ఏ రోగమును లేని కుందేళ్ల మెదడును నూఱి, కోతులకు పదేపదే సూదులుగా పొడిపించెను. రేబిస్ లేదు; మఱి ఏ క్రిమియు లేదు; కేవలము మెదడు. నెలలు గడచిన పిమ్మట కొన్ని కోతులు తూలినవి, చచ్చుబడినవి. వాని మెదడులను కోసి చూడగా మైలిన్ ఒలిచినట్లున్నది. 1935 లో మరల చేసిన ప్రయోగమున ఇంకను ఎక్కువ కోతులకు అదే గతి పట్టినది. పరుల మెదడును చూచి ఆగ్రహించిన రక్షక శక్తి, పోలికను బట్టి తన మెదడును కూడ కొట్టినదని తేటపడెను. స్వదేహము తనపై తానే తిరుగబడు వ్యాధులు అనేకము ఉన్నవని నేడు మనకు తెలియును. ఆ జ్ఞానమునకు పునాది వేసిన ప్రయోగములలో ఇది యొకటి.

తరువాతి సాక్ష్యము మన ఆసియా నుండియే వచ్చినది. టోక్యోలో ఉచిమురా, షిరాకీ అను పండితులు సూదుల తరువాత మరణించినవారి మెదడులను పరీక్షించి 1957 లో విపులముగా వ్రాసిరి. 1984 లో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు, కార్బాలిక్ ఆమ్లమునకు బదులు మఱియొక రసాయనముతో చేసిన మెదడు మందుకూడ అదే హాని చేయుచున్నదని చూపిరి. తప్పు ఆమ్లముది కాదు, మెదడుదే. 1987 లో థాయిలాండుకు చెందిన హేమచూద, ఆయన సహచరులు ఇట్టి రోగుల రక్తములో మైలిన్‌లోని ఒక ప్రత్యేక మాంసకృత్తుపై యాంటీబాడీలు ఉన్నవని కనుగొనిరి. దొంగ పేరు అప్పటికి తెలిసినది.

ఇంత తెలిసిన పిమ్మట ఆ మందును ఎందులకు మానలేదని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మొదటి సమాధానము లెక్క. రేబిస్ లక్షణములు పొడచూపిన రోగి బ్రదుకుట దాదాపు అసంభవము. పిచ్చికుక్క కరచినవానికి, వేలలో ఒకరిని దెబ్బతీయు మందైనను మందు లేకుండుటకంటె మేలు. కావున 1911 లో సెంపుల్ చేసినది తప్పని నేను అనజాలను. కాని రెండవ సమాధానము ధనము. అచ్చట నా మనస్సు ఒప్పుకొనదు. కణజాలములో పెంచిన క్రొత్త మందులు, మెదడు లేనివి, 1970 దశకమునుండియే లోకమున ఉన్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1984 లో మెదడు మందులను విడనాడుడని చెప్పిరి. భారతదేశము వాని తయారీని నిలిపినది 2004 డిసెంబరులో. నడుమ ఇరువది సంవత్సరములు. ఆ ఇరువది సంవత్సరములు డబ్బున్నవాడు ఔషధశాలలో క్రొత్త మందు కొని చేతికి అయిదు సూదులతో సరిపెట్టుకొనెను. లేనివాడు ప్రభుత్వ దవాఖాన ముందు వరుసలో నిలిచి గొఱ్ఱె మెదడును కడుపులో ఎక్కించుకొనెను. కూలికి పోవలసినవాడు పదునాలుగు దినములు పట్టణమునకు తిరుగలేక నడుమ మానివేసిన సందర్భములు అసంఖ్యాకములు.

మార్పు వచ్చుటలో తెలుగుగడ్డకును భాగమున్నది. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982 లో హైదరాబాదున నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థ, వీరో కణములలో పెంచిన అభయ్‌రాబ్ మందును తయారుచేసి అందించినది. ఆ సంస్థ గచ్చిబౌలిలో ఉన్నది. నేడు కర్దనూరు చెంతనున్న వలయ రహదారి ఎక్కినచో కారులో అఱగంట ప్రయాణము. దాని మనుష్యుల మందు మొదట తయారైనది మాత్రము ఊటీలో, కూనూరుకు ప్రక్కనే. 2006 లో ఈ మందును కండలోనికి కాక చర్మపు పొరలోనికి, ఒక్కొక్కచోట మిల్లీలీటరులో పదియవ వంతు మాత్రమే ఎక్కించుటకు దేశములో అనుమతి లభించినది. ఒకరికి పట్టు మందు పలువురకు సరిపోయినది. అందుచేతనే సర్కారు దవాఖానలలో బీదవానికి కూడ అది అందినది. కరచిన దినము, మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములు. రెండు చేతులకు చెఱియొకటి. లోతైన గాయమైనచో దానితోపాటు గాయమునందు సీరము కూడ ఎక్కింతురు. కరచిన వెంటనే సబ్బుతో, ధారగా పాఱు నీటితో, పదునైదు నిమిషములు కడుగుట అన్నిటికంటె ముందు.

సూదులు పోయినను వ్యాధి పోలేదు. ఏ.డి.ఇ.ఎమ్. నేడును మన పిల్లలకు వచ్చుచున్నది. మెదడు మందు లేదు కదా, మఱి దానిని రేపునదేమి? అత్యధికముగా సామాన్య జ్వరములే: గొంతునొప్పి, జలుబు, విరేచనములు తెచ్చు క్రిములు. క్రిమి దేహములోని ఏదో భాగము మైలిన్‌ను పోలియుండుటచే రక్షక కణములు పొరబడునని ఒక వాదము. క్రిమితో పోరు తీవ్రమై, నిద్రాణముగానున్న కొన్ని కణములు మేల్కొనునని వేఱొక వాదము. రెండును కొంతకొంత నిజము కావచ్చును. గత పదునైదేండ్లలో తేలిన మఱియొక సంగతి: ఇట్టి పిల్లలలో మూడవ వంతు మొదలు సగము మంది వఱకు రక్తములో, మైలిన్ పైపొరలోని మాగ్ అను మాంసకృత్తుపై యాంటీబాడీలు కనబడుచున్నవి. అవి ఉన్నచో కొందఱిలో వ్యాధి తిరిగి వచ్చును, వైద్యుడు జాగ్రత్తపడవలెను.

ఇదే కుటుంబములోని వేఱొక వ్యాధిని 2007 లో జోసెఫ్ దల్మావ్, ఆయన సహచరులు వెల్లడించిరి. ఇందులో దాడి తొడుగుపై కాదు. నరకణముల నడుమ వార్తలు అందుకొను ఎన్.ఎమ్.డి.ఏ. అను గ్రాహకములపై. చక్కగా చదువుకొను బాలిక అకస్మాత్తుగా పొంతనలేని మాటలాడును, నిద్రపోదు, నోరు చేతులు వికారముగా కదలించును. గాలి సోకినదని మంత్రగాని యొద్దకు తీసికొనిపోయిన కుటుంబములు ఎన్నియో. కొందఱు యువతులలో అండాశయపు గడ్డ దీనిని రేపును. కొందఱు పిల్లలలో హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొలది వారములకు ఇది తలయెత్తును. సకాలములో గుర్తించినచో అత్యధికులు కోలుకొందురు.

పిల్లల మెదడువాపులన్నియు ఈ జాతివి కావు. 2003 వేసవిలో కరీంనగరము, వరంగల్లు మొదలగు జిల్లాలలో 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది మరణించిరి. అది చాందీపుర క్రిమి పనియని పుణె శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇసుక ఈగలు మోయు క్రిమి అది. ఆ పిల్లలు జ్వరము వచ్చిన ఒకటి రెండు దినములలోనే పోయిరి. జ్వరముతోపాటు వచ్చునది వేఱు, జ్వరము పోయి వారములు గడచినాక వచ్చునది వేఱు. మొదటిదానిలో క్రిమితో పోరాడవలెను. రెండవదానిలో దేహపు ఆగ్రహమును చల్లార్పవలెను. కావుననే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అను స్టిరాయిడును మూడు మొదలు అయిదు దినములు నరమునకు ఎక్కింతురు. చాలనిచో ఇమ్యునోగ్లోబ్యులిన్, లేక రక్తపు ప్లాస్మాను మార్చుట. పిల్లలలో ఎక్కువ మంది కొలది వారములలో మరల నడతురు, బడికి పోదురు.

ఈ చరిత్ర విన్న తల్లి ఒకతె, మఱి తట్టమ్మ టీకా వేయింపవచ్చునా అని అడుగక మానదు. ఆమె భయము వెఱ్ఱిది కాదు. గొఱ్ఱె మెదడు సూది నిజముగా హాని చేసినది. అంకెలు ఇవి: తట్టమ్మ సోకిన వేయి మంది పిల్లలలో ఇంచుమించు ఒకరికి ఇట్టి మెదడువాపు వచ్చును. టీకా తరువాత అది పది లక్షలలో ఒకరిద్దరికి కనబడినదని చెప్పుదురు. ఆ ఒకరిద్దరిలోను టీకాయే కారణమని నిరూపించుట కష్టము. ఆ టీకాలో మెదడు లేదు. 1985 నుండి అది మన జాతీయ కార్యక్రమములో ఉన్నది. 2017 ఆగస్టులో తెలంగాణ బడులలో తట్టమ్మ, రుబెల్లా రెంటికిని కలిపి ఉద్యమముగా వేసిరి.

జ్వరము తగ్గిన బిడ్డ వారము పది దినములకు మగతగా ఉన్నను, తూలినను, చూపు ఆననన్నను, ఊరి ఆర్.ఎమ్.పి. వైద్యుని సూదితో కాలము గడపరాదు. పిల్లల నరముల వైద్యుడున్న ఆసుపత్రికి పోవలెను. 1953 లో స్థాపితమైన హైదరాబాదు నీలోఫర్ దవాఖానవంటి పెద్ద పిల్లల ఆసుపత్రులు మనకున్నవి. అచ్చట వైద్యుడు మొట్టమొదట అడుగునది, గడచిన నాలుగు వారములలో బిడ్డకు జ్వరము గాని, ఒంటిపై పొక్కులు గాని, టీకా గాని, కుక్కకాటు గాని ఉన్నదా అని. తేదీలతో సహా సమాధానము చెప్పగలుగునట్లు, ఆ సంగతులను టీకా కార్డు వెనుకనైనను వ్రాసియుంచుకొనుడు.